నోటికి రాని మా అత్తగారి పేరు

అన్నపూర్ణ.

ఇదిగో, రాశాను. రాయడానికి నాకెప్పుడూ అభ్యంతరం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రేషన్ కార్డు కాగితాల మీద, బ్యాంకు ఫారాల మీద, ఓటరు లిస్టు సవరణల మీద ఆ పేరు గుండ్రంగా రాస్తూనే ఉన్నాను. నోటితో అనడమే ఎప్పుడూ అనలేదు. అది మా అత్తగారి పేరు.

కాపురానికి పంపేటప్పుడు మా అమ్మ రెండు పేర్లు నా నోటికి నిషేధించింది. ఒకటి మొగుడి పేరు, రెండోది అత్తగారి పేరు. మొదటి నిషేధం ఆరు నెలలు కూడా ఆగలేదు. నేను బళ్ళో టీచర్ని. జీతం కాగితాల దగ్గర మీ ఆయన పేరేంటమ్మా అని అడిగితే సిగ్గుపడుతూ మెలికలు తిరిగే ఓపిక నాకు లేదు. పైగా కోపం వస్తే ఆయన పేరు దానంతట అదే బయటికొచ్చేస్తుంది. అత్తగారి పేరు దగ్గర మాత్రం నాలుక మొండికేసేది. నేనేమీ చాదస్తపు మనిషిని కాను. గ్రహణం పట్టి ఉండగా వంకాయ కూర వేసుకుని అన్నం తిన్నదాన్ని. అయినా ఆ ఒక్క పేరు గొంతు దాటేది కాదు.

ఒక ఏడు నా మూడో తరగతిలో అదే పేరున్న పిల్ల చేరింది. హాజరు పిలిచేటప్పుడు ముందున్న పిల్ల పేరు గట్టిగా పిలిచేదాన్ని, వెనకున్న పిల్ల పేరు గట్టిగా పిలిచేదాన్ని, మధ్యలో మాత్రం "పదకొండు" అనేదాన్ని. ఆ పిల్ల ఏడాదంతా నా దగ్గర పదకొండుగానే చదువుకుంది. ఆమధ్య చిలకలూరిపేట బస్టాండులో కనపడింది, చంకలో కూతురితో. గుర్తుపట్టక చూస్తుంటే, "టీచర్‌గారూ, నేనండి, పదకొండుని" అంది. అప్పుడు తెలిసింది నేనెంత పని చేశానో. అయినా బుద్ధి రాలేదు.

బుద్ధి రాలేదని ఎందుకంటున్నానంటే, ఆ తర్వాతే కంటి ఆస్పత్రి సంగతి జరిగింది. మా అత్తగారి కంట్లో పొర వస్తే గుంటూరు తీసుకెళ్ళాను. చీటీ రాసే ఆవిడ "పేషెంటు పేరు?" అంది. కాగితం ఇవ్వండి రాసిస్తాను అన్నాను. "చెప్పండమ్మా, వెనక లైనుంది" అంది. అత్తగారేమో అప్పటికే లోపల కుర్చీలో కూర్చున్నారు.

"కాశీలో ఉంటుంది చూడండి అమ్మవారు, ఆవిడ పేరు" అన్నాను.

ఆవిడ తలెత్తకుండా విశాలాక్షి అని కంప్యూటర్లో కొట్టేసింది. కాశీలో ఆ అమ్మవారూ ఉంది మరి. ఆవిడ తప్పేముంది. సరిదిద్దాలంటే అసలు పేరు చెప్పాలి. నోరు మూసుకుని చీటీ తీసుకున్నాను. ఆపరేషను, చుక్కల మందు, నెల తర్వాత చూపించుకోవడం, అన్నీ విశాలాక్షి పేరు మీదే జరిగాయి. "విశాలాక్షమ్మా, పైకి చూడమ్మా" అని వాళ్ళంటుంటే మా అత్తగారు ముందు అటూ ఇటూ చూసి, తర్వాత నా వైపు చూసి, ఆ తర్వాత పైకి చూసేవారు. కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చే దారిలో అడిగారు.

"నా పేరు చెప్పడానికి నీకేం పోయిందే?"

"మీ మీద గౌరవమండి అత్తయ్యా."

"ఆ గౌరవమేదో కాస్త తగ్గించుకో. నా కన్ను ఎవరో విశాలాక్షి లెక్కలోకి పోయింది."

పోయిన కార్తీకంలో మా కోడలు వేటపాలెంలో, పుట్టింట్లో, ఆడపిల్లని కంది. మావాడు గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. కోడలు అక్కడే ఒక మందుల షాపులో పనిచేస్తుంది. నేను, మావారు, అత్తగారు ఊళ్ళోనే ఉంటాం, మిరప చేనూ పత్తి చేనూ చూసుకుంటూ. మావాడు ఫోన్ చేసి పాప పుట్టిందని చెప్పగానే మా అత్తగారు ఒలుస్తున్న చిక్కుడుకాయ చాటలో పడేసి, ఫోను దగ్గరికి వంగి అడిగారు.

"ఒరే, పిల్లకి నా పేరు పెడతార్రా?"

ఎనభై రెండేళ్ళ మనిషి. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచి ఆవిడ తనకంటూ ఏదీ అడగ్గా వినలేదు. చీర కొంటానంటే ఉన్నాయిగా అంటారు. ఆఖరి గారె ఎవరి విస్తట్లోకి పోయినా ఆవిడకి సమ్మతమే. అలాంటి మనిషి నోరు తెరిచి ఒక్కటి అడిగారు. మావాడు "పెడదాం నాయనమ్మా" అని ఒక్క క్షణంలో ఒప్పుకున్నాడు. నాకు సంతోషం వేసింది. ఆ వెనకే భయం వేసింది. ఆ పేరు ఇంట్లో పాకుతూ తిరిగితే నేనేమని పిలవాలి?

ఒప్పుకోవడం తేలికే. మర్నాటి నుంచి రెండిళ్ళ మధ్య ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఇంగ్లీషులో యు ఒకటి రాయాలా, ఓలు రెండు రాయాలా అన్నది మొదటి తగవు. మా వియ్యపురాలికి తెలిసిన పెద్దమనిషి ఒకాయన అక్షరాలన్నీ సంఖ్యలుగా కూడి, చివర ఇంకో ఎ తగిలిస్తే పిల్ల కలెక్టరవుతుందని చెప్పాడట. తగిలించకపోతే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. మావాడు విసుక్కున్నాడు. "ఏదో ఒకటి తేల్చండి. ఆధార్‌లో ఒకటీ సర్టిఫికెట్‌లో ఒకటీ ఉంటే రేపు ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది నేను" అన్నాడు. వాడి బాధ నిజమే. వాళ్ళ నాయనమ్మ పేరు ఆధార్‌లో ఒకరకంగా, పొలం పాసుపుస్తకంలో ఇంకో రకంగా ఉంటే వాడే వారం రోజులు తిరిగాడు.

ఆఖరికి ఉన్న పేరు ఉన్నట్టే, ఎక్కువ ఎలు ఏమీ లేకుండా రాద్దామని తేలింది. ఇక పిలుపు పేరు. ఒక ఆదివారం స్పీకర్ ఆన్ చేసి అందరం కూర్చున్నాం. కోడలు "అను" అంది. వియ్యపురాలు "పూర్ణి" అంది. పూర్ణి అంటే బళ్ళో పూర్ణం బూరె అంటారని కోడలు ఒప్పుకోలేదు. వాళ్ళ దగ్గరికెళ్ళి ఉన్న మావాడు "ఎ.పి. అందాం, రాష్ట్రం పేరు కలిసొస్తుంది" అన్నాడు. ఎవరో అటువైపు వాడికి ఒకటి వేసినట్టున్నారు, చప్పుడు వినపడింది.

నిజం చెప్పొద్దూ, అందరికంటే హుషారు నాదే. చిట్టితల్లి అన్నాను. బంగారి అన్నాను. పండు అన్నాను. "పెద్ద పేరు కాగితాల మీద ఉంటుందమ్మా, నోటికి ముద్దుపేరు ఒకటి ఉండాలి" అని పాఠం చెప్పినట్టు చెప్పాను. ముద్దుపేరు లేకపోతే నా గతి ఏమిటి? అందరూ నా మాటే ఖాయం చేశారు. కాగితాల మీద అత్తగారి పేరు, ఇంట్లో అను.

ఫోన్ పెట్టేసి చూస్తే అత్తగారు చిక్కుడుకాయల చాట పక్కన పెట్టుకుని, వసారా స్తంభానికి చేరగిలబడి కూర్చుని ఉన్నారు. ఆవిడకి ఎడమ చెవి బాగా మందం, కుడి చెవి కాస్త నయం. స్పీకర్ కాబట్టి అంతా విన్నారు.

"ఎన్ని పేర్లు తేలినయ్యే?"

"అయిదారు దాకా వచ్చాయండి."

"నాది తప్ప."

"పేరు మీదేనండి అత్తయ్యా. పిలవడానికి మాత్రం చిన్నది..."

"పిలవనిదానికి పేరెందుకే?" అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది. "మా అయ్య ఒక్కడే నన్ను పేరంతా పెట్టి పిలిచేవాడు. చేలో ఆ చివర నుంచి పిలిస్తే ఈ చివర నేను పలికేదాన్ని. మా అమ్మ బుడ్డీ అనేది. పదహారో ఏట ఇక్కడికొచ్చా. మా అత్త ఒసే అనేది. మీ మావ ఏమే అనేవాడు. నీ మొగుడు అమ్మా అంటాడు, నువ్వు అత్తయ్యా అంటావ్, ఊళ్ళోవాళ్ళు టీచరమ్మ అత్తగారంటారు. మా అయ్య పోయాక నన్ను పేరు పెట్టి పిలిచింది ఆ కంటి ఆస్పత్రోళ్ళే. అది కూడా నా పేరు కాదు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా నవ్వు సగంలో ఆగిపోయింది.

"నా పేరు పెట్టి బీరువాలో పట్టుచీర లాగా దాచమాకండి. పెడితే పిలవండి. లేకపోతే ఆ అను ఏదో అదే పెట్టేసుకోండి, నేనేమీ అనుకోను" అని, చాట ఒళ్ళోకి లాక్కుని మిగిలిన చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టారు.

ఆ పూటే కోడలికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల "పూర్తి పేరుతోనే పిలుద్దాం అత్తయ్యా. మొదట పిలవాల్సింది మీరే మరి. బారసాల నాడు చెవిలో చెప్పేది మీరేగా" అంది. నిజమే. మా ఇళ్ళల్లో తండ్రి పళ్ళెంలో బియ్యం మీద పేరు రాస్తాడు, నాయనమ్మ పిల్ల కుడి చెవిలో ఆ పేరు మూడుసార్లు చెబుతుంది. అలా చెప్పాకే అది పేరవుతుంది. ఆ సంగతి నాకెందుకు ముందు తట్టలేదో నాకే తెలియదు.

సాధన మొదలుపెట్టాను. స్కూటీ మీద బడికి వెళ్తుంటే రెండువైపులా పత్తి చేలు, మనిషి జాడ ఉండదు. అక్కడ నోరు తెరిచేదాన్ని. "అన్న" దాకా వచ్చేది. ఆ పైన గొంతు పట్టేసేది. ఒకసారి గేదెలు తోలుకెళ్తున్న ఒకావిడ ఎదురై, "ఏంది టీచరమ్మా, అన్న గుర్తొచ్చాడా?" అని అడిగింది. జలుబు చేసిందని చెప్పి వచ్చేశాను.

ఇరవై ఒకటో రోజు వేటపాలెం వెళ్ళాం. మా వియ్యంకుడికి ఇంటి వెనక చిన్న జీడిపప్పు షెడ్డు ఉంది. ఆ రోజు పని ఆపినా కాల్చిన జీడిగింజల వాసన ఇంటినిండా ఉంది. మా అత్తగారు బారసాలకి అందరికంటే ముందు తయారయ్యారు. ప్లాస్టిక్ కుర్చీ తనే లాక్కుని పీటలకి ఎదురుగా, బాగా దగ్గరగా వేసుకుని కూర్చున్నారు. మావాడు ఉంగరంతో బియ్యంలో పేరు రాశాడు. చివరి అక్షరానికి చోటు చాలక అది పళ్ళెం అంచు మీదికెక్కింది. ఇంకో సందర్భమైతే వాడి చేత చెరిపించి మళ్ళీ రాయించేదాన్ని. ఆ రోజు నాకు ఆ ధ్యాస లేదు.

"చెప్పండి వదినగారూ" అంది వియ్యపురాలు.

పిల్లని ఒళ్ళో పెట్టారు. అరచేయంత ముఖం, మూసిన కళ్ళు, తమలపాకు చివర లాంటి చెవి. ఎదురుగా మా అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుని నా ముఖంలోకే చూస్తున్నారు. వంగాను. నోరు తెరిచాను. బొత్తిగా రాలేదు. ఇంతమంది, వీడియో తీస్తున్న సెల్‌ఫోన్లు, ఎదురుగా ఆవిడ. ఆలస్యమైతే బాగుండదని, ఆ పిల్ల చెవిలో, నాకూ దానికీ తప్ప ఎవరికీ వినపడకుండా, "చిట్టితల్లీ" అన్నాను. మళ్ళీ "చిట్టితల్లీ". మూడోసారి కూడా అదే.

అందరూ చప్పట్లు కొట్టారు. అక్షింతలు వేశారు. నాకు భూమిలోకి దిగబడిపోవాలనిపించింది.

"చెప్పావా?" అన్నారు మా అత్తగారు.

"చెప్పానండి."

ఆవిడ నా ముఖం కాసేపు చూసి, "మంచిది" అన్నారు. తర్వాత జీడిపప్పు పాకం ముక్క నోట్లో వేసుకుని బాగుందని వియ్యపురాలికి చెప్పారు. బళ్ళో పిల్లలు అబద్ధమాడితే బెంచీ ఎక్కించే టీచర్ని నేను. ఆ సాయంత్రం కారులో ఇంటికొస్తుంటే నన్ను నేను ఏ బెంచీ ఎక్కించుకోవాలో తెలియలేదు.

పేరు పెట్టడమైతే అయింది, పలకడం ఎవరూ పలకలేదు. కోడలు వారం రోజులు పూర్తి పేరుతో పిలిచి, తన తల్లీ చెల్లెలూ అను అంటుంటే తనూ అందులోకే జారిపోయింది. ఆ పిల్లనేమీ అనలేను. మొదట చెప్పాల్సినదాన్ని నేనే చెప్పలేదు. ఫోన్లో "అను పాలు తాగింది", "అను బోర్లా పడింది" అని వార్తలొచ్చేవి. మా అత్తగారు "పిల్ల బాగుందా?" అని అడిగేవారు. ఆవిడా ఆ పేరు ఎత్తలేదు. నేను ఆవిడ కళ్ళలోకి చూడకుండా కూర గిన్నెలోకి చూసి జవాబు చెప్పేదాన్ని.

అయిదో నెలలో కోడలు పిల్లని తీసుకుని మా ఇంటికొచ్చింది. అప్పటికి ఒంటిపూట బడులు. నేను పన్నెండున్నరకల్లా ఇంట్లో ఉంటున్నాను. దొడ్లో పట్టాల మీద మిరపకాయలు ఎండి గలగలమంటున్నాయి. ఆ రోజు మావారూ మావాడూ బస్తాల లోడుతో గుంటూరు యార్డుకి వెళ్ళారు. మిగిలిన కుప్పలోంచి నేనూ మా అత్తగారూ తాలుకాయలు, అంటే రంగుపోయి తెల్లబారినవి, ఏరుతున్నాం. ఆవిడ కుప్పకి ఆ చివర, నా వైపు వీపు పెట్టి కూర్చున్నారు. నేను ఈ చివర, వసారాకి దగ్గరగా. వసారాలో చీర ఉయ్యాలలో పిల్ల నిద్రపోతోంది. కోడలు కుంకుడుకాయలు నానబెట్టుకుని తలంటుకోవడానికి స్నానాల గదిలోకి వెళ్ళింది.

ఇంతలో పిల్ల లేచింది. లేవడం లేవడమే ఆరున్నొక్క రాగం. కోడల్ని పిలిచాను. "తల నిండా కుంకుడు రసం అత్తయ్యా, ఒక్క అయిదు నిమిషాలు చూడండి" అని లోపల్నుంచి అంది.

చూడటమే తప్ప నేను చెయ్యగలిగింది లేదు. మిరపకాయలు ఏరిన చేతులవి. సబ్బుతో నాలుగుసార్లు కడిగినా, కొబ్బరినూనె రాసినా ఆ మంట పూటకి గాని పోదు. ఆ చేతులతో పసిపిల్లని ముట్టుకునే ధైర్యం మా వైపు ఎవరికీ ఉండదు. రెండు చేతులూ గాల్లోకి ఎత్తి పట్టుకుని, దొంగలు బెదిరించినదానిలా ఉయ్యాల పక్కన నిలబడ్డాను. మోచేత్తో ఉయ్యాల తాడు ఊపాను. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. ఇక నా దగ్గరున్నది నోరొక్కటే.

"చిట్టితల్లీ" అన్నాను. "బంగారీ" అన్నాను. "పండూ, అనూ, ఏమ్మా, ఎందుకమ్మా" అన్నాను. ఒక్కదానికీ లొంగలేదు. ముఖం పండుమిరపలా ఎర్రబడింది. నాకు కంగారూ కోపమూ కలిసి వచ్చాయి. నలభై మంది పిల్లలు ఒక్కసారిగా గోలచేసినప్పుడు నాకొక గొంతు వస్తుంది. ఆ గొంతు వచ్చింది.

"అన్నపూర్ణా!"

పిల్ల టక్కున ఆగిపోయింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. కళ్ళు గుండ్రంగా చేసుకుని నన్నే చూస్తోంది.

కుప్పకి ఆ చివర నుంచి జవాబొచ్చింది.

"ఆఁ, వస్తన్నానయ్యా."

అది మా అత్తగారి గొంతే, కానీ నేను అన్నేళ్ళలో ఎప్పుడూ వినని గొంతు. సన్నగా, తొందరగా, పరుగెత్తడానికి సిద్ధమైన పిల్ల గొంతులా ఉంది. ఆవిడ లేవబోయి మోకాలి మీద చెయ్యి వేసి ఆగారు. అటూ ఇటూ చూశారు. తర్వాత మెల్లగా లేచి, పట్టా అంచు వెంబడి నడుచుకుంటూ వసారా దగ్గరికి వచ్చారు. ఆవిడ చేతులు నా చేతుల్లాగే ఎర్రగా ఉన్నాయి.

"ఎవరే పిలిచింది?"

"నేనేనండి."

"నన్నా, పిల్లనా?"

"పిల్లనేనండి. మీరు పలికారు."

ఆవిడ ఉయ్యాలలోకి చూశారు. పిల్ల ఆవిడ కళ్ళద్దాల వైపు చూసింది.

"బారసాల నాడు నువ్వు చెప్పలేదు కదే?" అన్నారు, పిల్లనే చూస్తూ.

"మీకెట్లా తెలుసండి?"

"చెవులు మందమైన దగ్గర్నుంచి పెదాలు చూసేగా మాటలు పడతన్నా. నా పేరంటే పెదాలు కలవాలి. నీవి కలవలా. మూడుసార్లూ చూశా."

నాలుగు నెలలుగా ఆవిడకి తెలుసు. తెలిసీ నా చేతి అన్నం తిన్నారు, నాకు తల దువ్వారు, ఒక్క మాట అనలేదు. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే మిరపకాయ చేతులు. అలా చేతులెత్తి నిలబడే ఏడ్చాను. "రాలేదండి అత్తయ్యా. మీ ఎదురుగా నోరు రాలేదు. తప్పయిపోయింది" అన్నాను.

"ఏడవమాకే, ఇద్దరు ఏడిస్తే ఎవరిని ఊరుకోబెట్టేది?" అన్నారు. "ఇప్పుడొచ్చిందిగా. చెప్పు. మూడుసార్లు."

చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని ఉయ్యాల మీదికి వంగాను. పిల్ల కుడి చెవి దగ్గర నోరు పెట్టి, అన్నపూర్ణ అన్నాను. గొంతు వణికింది కానీ పేరు మొత్తం వచ్చింది. రెండోసారి చెప్పాను. ఈసారి వణకలేదు. అత్తగారు అద్దాల్లోంచి నా పెదాలే చూస్తున్నారు.

"కలుస్తున్నయ్" అన్నారు.

మూడోసారి చెప్పబోతుంటే ఆవిడ వంగారు. తన చేతులు కూడా వెనక్కి పెట్టుకుని, నెరిసిన జుట్టు చెవి మీద నుంచి జారేలా తల ఊపి, వినపడే ఆ కుడి చెవిని నా నోటి దగ్గరికి తెచ్చారు.

మూడోది ఆవిడ చెవిలో చెప్పాను.

"ఆఁ" అన్నారు.